మిరప దగ్గు

నవంబరు 1, శనివారం

కోడలు నౌపడ వెళ్ళింది. పుట్టింట్లో తమ్ముడు ఉపేంద్ర నిశ్చితార్థం. పిల్లని వదిలి వెళ్ళనని సుహాసిని మొండికేస్తే నేనే తరిమాను. ఆగస్టులో కాన్పయిన దగ్గర్నుంచి ఆసుపత్రి గడపా, మా గడపా తప్ప మూడోది తొక్కలేదు. ఆ మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. ఒక్కగానొక్క తమ్ముడు, పట్టుచీర కట్టుకుని నలుగురిలో కూర్చుని రా, పాలు పిండి పెట్టేసి వెళ్తే ఉగ్గుగిన్నెతో నేను పడతానని చెప్పాను. మురళి పెళ్ళాన్ని బస్సెక్కించి వచ్చాడు.

కొట్టు వాడికి వదిలేసి రోజంతా మనవరాలిని ఒళ్ళో పెట్టుకున్నాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. అయిదు వారాలు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉండి వచ్చింది. పట్టుమని చారెడు లేదు గానీ చూపు మాత్రం తాసిల్దారు చూపు. పాలు కాస్త ఆలస్యమైతే నన్ను ఎగాదిగా చూసింది.

దీపాల వేళకి సుహాసిని వచ్చింది. చేతినిండా గాజులు, నోటినిండా కబుర్లు. హాలు కిటకిటలాడిందట. చుట్టాల పిల్లల్ని అదుపు చెయ్యలేక వాళ్ళమ్మ ఈశ్వరి వదిన అలిసిపోయిందట. స్నానం చేసి వచ్చి పిల్లని ఎత్తుకుని మొహమంతా ముద్దులు పెట్టింది. నా మాట విని వెళ్ళడం మంచిదైంది.

నవంబరు 3, సోమవారం

మధ్యాహ్నం బేరం లేదు. నేను రాసుకునేది ఇప్పుడే. రాజాంలో ఎండుమిరప, చింతపండు కొట్టు నడిపే ముసలిది డైరీ రాస్తుందంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఈ బస్తాల మధ్య ముప్ఫై ఏళ్ళు కూర్చుంటే మిగిలింది దగ్గు. నేను దగ్గితే కొట్టు తీశారని వీధిలో తెలుస్తుంది. ఏ పెళ్ళిలోనైనా దగ్గితే, సూర్యకాంతమ్మ వచ్చిందని వెనక్కి తిరక్కుండానే చెబుతారు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ మన కొట్టుకి బోర్డెందుకు, నీ దగ్గు చాలదా అనేవారు. ఏటా ఎక్స్‌రే తీస్తారు, ఏటా అదే మాట చెబుతారు. మిరప ఘాటుకి వచ్చిన దగ్గు, ఒకరికి అంటేది కాదు అని. అయినా స్నానం చేసి చీర మార్చకుండా పిల్లని ముట్టుకోను.

విజయనగరం నుంచి అరుణశ్రీ ఫోన్ చేసింది. నా కూతురికి ఇప్పుడు ఆరో నెల. తొలి కాన్పు, పురుడు పుట్టింట్లోనే పొయ్యాలి. ఏడో నెల పెట్టాక, పుష్యం రాకముందే తీసుకొస్తాను. పొత్తిగుడ్డలకని మా ఆయన పాత పంచెలు అప్పుడే బయటికి తీశాను. ఇంట్లో ఇద్దరు పసివాళ్ళు ఉంటారు. దేవుడికి ఇన్నాళ్ళకి మా వీధి గుర్తొచ్చింది.

నవంబరు 5, బుధవారం

పిల్లని తవుడుకి అమ్మేశాం.

సుహాసిని మొదటి బిడ్డ మూడో రోజు పోయింది. రెండోది కడుపులోనే. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల నిలవాలంటే తవుడుకి అమ్మడం మా వైపు తాతల నాటి నుంచీ ఉంది. ఇది ఈ ఇంటి పిల్ల కాదు, ఎవరో తవుడుకి కొనుక్కున్న పిల్ల, దీని జోలికి రాకు అని చావుకి చెప్పడమన్నమాట. పుట్టిన వెంటనే చెయ్యాల్సింది. పెట్టెలో ఉన్న పిల్లని ఎలా అమ్ముతాం? అందుకని ఈ పున్నమికి పెట్టుకున్నాం. సుహాసిని కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, ఇలాంటివి నమ్మదు. నమ్మకపోయినా చేసేద్దాం అత్తా అంది. రెండుసార్లు కడుపు కాలినదానికి నమ్మకంతో పనేమిటి.

కొన్నది వీధి చివర తవిటమ్మ. పుట్టినప్పుడు ఆమెనీ ఇలాగే అమ్మి ఆ పేరు పెట్టారు. డెబ్భై దాటినా చెక్కుచెదరలేదు. చేటలో మెత్తగా బట్ట పరిచి పిల్లని పడుకోబెట్టాం. తవిటమ్మ తవుడు బుట్టతో వచ్చి గడప అవతల నిలబడింది.

"ఈ గుంటని అమ్ముతారేటి?"

"అమ్ముతాం. ఏటిస్తావు?" అంది సుహాసిని, నవ్వు ఆపుకుంటూ.

"సేటెడు తవుడు."

సుహాసిని కొంగు పట్టింది, తవిటమ్మ తవుడు ఒంపింది. సన్నటి దుమ్ము లేచి నా గొంతులో పడింది. పిల్ల పక్కనే కూర్చుని ఉన్నాను. లేవబోతే మోకాళ్ళు కదల్లేదు. చేట మీదికే వంగి ఊపిరాడనంతగా దగ్గాను. కొంగు అడ్డం పెట్టుకున్నాను. పెట్టుకున్నాననే గుర్తు. వచ్చిన అమ్మలక్కలందరూ చూశారు. సుహాసిని తవుడు అక్కడే వదిలేసి పిల్లని లాక్కుంది, మొహానికి మొహం ఆనించుకుని బుగ్గ మీద పడ్డ తవుడు నోటితో ఊదింది. "అత్తా, నువ్వు పెరట్లోకి ఎల్లు" అంది.

మిగిలింది పెరట్లో నుంచే విన్నాను. తవిటమ్మ పిల్లని గడప దాటించి వీధిలోకి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చింది. ఇది నా పిల్ల, మీ ఇంట పెంచండి అంది. ఆసుపత్రి కాగితాల్లో సింధూరి, ఇంట్లో తవిటి. పేరు నాకు బాగుంది.

నవంబరు 6, గురువారం

సుహాసినికి గొంతు నొప్పి. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. మురళి నావైపు చూశాడు. నాది మిరప దగ్గురా, నీకు తెలీదా అన్నాను. నిన్న అందరి ముందూ అలా దగ్గీసినావు కద్దమ్మా అన్నాడు.

నవంబరు 7, శుక్రవారం

నా పడక వరండాలోకి మారింది. తప్పులేదు, పసిపిల్ల ఉన్న ఇల్లు. కిటికీలోంచి చూడొచ్చు. సుహాసిని ముక్కూ మూతీ గుడ్డతో కట్టుకుని పాలిస్తోంది. ఈరోజు దగ్గలేదు.

నవంబరు 8, శనివారం

ఈరోజు దగ్గలేదు. రెండుసార్లు తప్ప. అదీ కొట్లో.

నవంబరు 9, ఆదివారం

పిల్లకి ముక్కు కారుతోంది. పాలు సగంలో వదిలేస్తోంది. కిటికీ తలుపు వేసేశారు.

నవంబరు 10, సోమవారం

తెల్లారేసరికి పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. ఇక్కడి డాక్టరు చూసి, ఆగకుండా శ్రీకాకుళం తీసుకెళ్ళిపొమ్మన్నాడు. కారులో చోటుంది, నాకు లేదు. వెనకాలే బస్సులో వెళ్ళాను. దారిలో దగ్గొచ్చింది. పక్కనున్నావిడ పిల్లాణ్ణి ఎత్తుకుని లేచి ముందు సీట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ చోట నేనున్నా అదే చేసేదాన్ని.

నవంబరు 11, మంగళవారం

పిల్లల డాక్టరు పేరు అనిత. మా అరుణ వయసే ఉంటుంది. తవిటికి ముక్కులో గొట్టం పెట్టారు. ఇంట్లో ముందు ఎవరికి వచ్చిందని అడిగింది. మురళి నన్ను చూపించాడు. సుహాసిని గోడ వైపు తిరిగింది. నేనే చెయ్యెత్తాను, బడిలో తప్పు చేసిన పిల్లలా.

నేనే ఇచ్చాను. ఏటా ఎక్స్‌రే చూసి చెప్పినవాళ్ళందరికీ ఏం తెలుసు? ముప్ఫై ఏళ్ళు అంటని దగ్గు ఆ ఒక్కరోజు అంటింది. చేట మీదికి వంగకుండా ఉండాల్సింది. మోకాళ్ళు విరిగినా లేవాల్సింది. అసలు ఆ గదిలో కూర్చోకూడదు. మిరపకాయల కొట్టుదానికి మనవరాలి ముచ్చటెందుకు?

నవంబరు 12, బుధవారం

పొద్దున్న అనిత డాక్టరు నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచింది. గుండె మీదా వీపు మీదా గొట్టం పెట్టి విన్నది. జ్వరం వచ్చిందా, ముక్కు కారిందా అని అడిగింది. ఏదీ లేదన్నాను. ముక్కులో పుల్ల పెట్టి తీసి పరీక్షకి పంపింది. సాయంత్రం మళ్ళీ పిలిచి, పిల్లకి ఉన్న వైరస్ నాలో లేదని చెప్పింది. అది పెద్దవాళ్ళకి మామూలు జలుబేనట. నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తులు మాత్రం దానికి ఆగవట.

మరి ఎవరిచ్చారు అన్నాను.

"అది వెతక్కండమ్మా. జనం దగ్గేవాళ్ళని చూసి పక్కకి జరుగుతారు. ఇచ్చేవాళ్ళు చాలాసార్లు ఆ రోజుకి బాగానే ఉంటారు. ముక్కు కారడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే వాళ్ళ ఊపిరిలో ఉంటుంది. వాళ్ళకీ తెలీదు."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఆలోచించాను. ఆ రోజు పిల్లని ఎత్తుకున్నది ఎవరు? తవిటమ్మ. గడప దాటించి వీధంతా తిప్పింది. చెక్కుచెదరని మనిషి కదా, చెక్కుచెదరకుండానే ఇచ్చి ఉంటుంది. డెబ్భై ఏళ్ళ మనిషికి ఆ మాత్రం తెలియక్కర్లేదా? మురళి లోపలున్నాడు. రేపు చెబుతాను, నేను కాదని చెబుతాను. తవిటమ్మే. ఇంకెవరున్నారు? ఇంకెవరూ లేరు.

నవంబరు 13, గురువారం

సుహాసిని లోపలికి వెళ్తూ ఫోన్ నా ఒళ్ళో పడేసింది. నౌపడ నుంచి ఈశ్వరి వదిన చేసింది. మనవరాలిని చూడ్డానికి రాలేదని నాలో నేను నాలుగు రోజులుగా తిట్టుకుంటున్నాను.

"ఇంటిల్లిపాదికీ రొంప, జొరం వదినా. నిశ్చితార్థం అయిన నాలుగో నాటి నుంచి ఒకల ఎనక ఒకలం పడ్డాం. పెళ్ళికూతురోళ్ళింట కూడా అదే. ఆ రోజు సూస్తే ఒక్కలికి తుమ్ము కూడా నేదు. పసిదానికి అంటీస్తాదని ఆగిపోనాం."

సుహాసినికి ఎప్పుడొచ్చిందని మెల్లగా అడిగింది. పోయిన గురువారం అన్నాను.

"ముందు నీకొచ్చింది కద్దా వదినా?" అంది. అడిగినట్టు లేదు, చెయ్యి చాపినట్టుంది.

"అవును వదినా. ముందు నాకే" అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. నాకంటే ముందు నా నోరు అనేసింది. అక్కడ జలుబుల సంగతి సుహాసినికి చెప్పొద్దు, దిగులు పడుతుంది, బస్సులు దొరకలేదని చెప్పమన్నాను. ఈశ్వరి వదిన సరేనంది. ఫోన్ పెట్టేసే ముందు ఆమె ఏడుపు వినబడింది.

నిన్న తవిటమ్మని అన్న మాటలన్నీ తప్పు. సుహాసినిని నౌపడ పంపింది ఎవరు?

నవంబరు 14, శుక్రవారం

నా పరీక్ష సంగతి ఎవరికీ చెప్పొద్దని అనిత డాక్టరుని బతిమాలాను. నౌపడ సంగతి కూడా చెప్పాను. ఇది ఎవరి తప్పూ కాదని మీ కోడలికి నేనే నచ్చజెబుతాను, మీరెందుకమ్మా అబద్ధం మొయ్యడం అంది. మిరప బస్తాలు మోసినదాన్ని, ఇదేం బరువు అన్నాను. ఆ డాక్టరు పిల్లకి నవ్వు రాలేదు. రోగుల విషయాలు మేం బయటికి చెప్పం, కానీ మీ కోడలు నన్నే అడిగితే అబద్ధం మాత్రం చెప్పను అంది. సుహాసిని అడగదు. దానికి తెలుసుననే అనుకుంటోంది.

తప్పు కాదని చెబితే తల్లి వింటుందా? నౌపడ నుంచి వచ్చి ముద్దులు పెట్టిన మొహం అది.

నవంబరు 15, శనివారం

పిల్ల అలాగే ఉంది. ఈరోజు దగ్గలేదు.

నవంబరు 16, ఆదివారం

తవిటి లేదు.

నవంబరు 18, మంగళవారం

మురళి రెండు చేతుల మీదా తీసుకెళ్ళి పూడ్చి వచ్చాడు. ఇంత మూట. పొత్తిగుడ్డలకని నేను దాచిన పంచెల్లో ఒకటి చుట్టారు. వాడు తిరిగొచ్చి నూతి దగ్గర బకెట్ల కొద్దీ నీళ్ళు పోసుకున్నాడు. ఎంతసేపటికీ ఆపలేదు.

సుహాసిని మొన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వీధిలో వాళ్ళు వచ్చి ఓదారుస్తున్నారు, పోతున్నారు. తవిటమ్మ రాగానే సుహాసిని గొంతు పగిలేలా ఏడ్చింది. తవిటమ్మ ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది.

"నువ్వెందుకే ఏడుస్తావు? నాకు అమ్మీసినావు కదా. పోనాది నా గుంట. ఏడుపు నాది. నువ్వు లేచి అన్నం తిను."

ఆ మాట అని గడప మీద కూర్చుని, కన్నతల్లి ఎలా ఏడుస్తుందో అలా ఏడ్చింది. పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. చేటెడు తవుడుకి కొన్నది అంత దుఃఖాన్ని నాదని తీసేసుకుంది. సుహాసిని ఆమెని చూస్తూ చూస్తూ, మురళి కలిపి పెట్టిన అన్నం రెండు ముద్దలు తిన్నది.

తర్వాత నా దగ్గరికి వచ్చింది. వరండాలో నిలబడి ఉన్నాను.

"నువ్వు ఆ సేట మీద దగ్గకపోతే నా గుంట బతికీది అత్తా."

"అవునమ్మా" అన్నాను.

నవంబరు 21, శుక్రవారం

ఈశ్వరి వదిన వచ్చి కూతుర్ని నౌపడ తీసుకెళ్ళింది. వచ్చిన దగ్గర్నుంచి నా మొహంలోకి చూడలేదు. ఆటో ఎక్కే ముందు నా కొంగు కింద చెయ్యి పెట్టి నా వేళ్ళు నొక్కింది. నొప్పి పుట్టేటట్టు నొక్కింది.

నవంబరు 28, శుక్రవారం

బేరగాళ్ళు కొట్టు బయట నిలబడే అడుగుతున్నారు. ఆ వరంగల్ రకం ఎలా ఇస్తారు, ఈ చింతపండు పాతదా అని. మెట్టెక్కరు. ఊళ్ళో సగం మంది ఈ కొట్టు మిరపకాయలు తిని పెరిగినవాళ్ళే.

అరుణశ్రీ ఫోన్ చేసింది. పురిటికి రాజాం పంపనని వాళ్ళత్తగారు అంటున్నారట. సంగతంతా మురళే చెప్పాడట. ఆవిడ తప్పేముంది? కోడలి కడుపు కదా. సరేలేమ్మా, అక్కడే మంచి ఆసుపత్రులున్నాయి అన్నాను. ఫోన్ పెట్టేశాక పంచెలు తీసి చూశాను. ఉతికి, ఎండబెట్టి, మడతలు పెట్టినవి. మళ్ళీ లోపల పెట్టేశాను. మళ్ళీ తీశాను.

డిసెంబరు 2, మంగళవారం

నేనేమన్నా దేవతనా? ఎందుకు ఊరుకోవాలి? నా కొడుకు నా చేతి నీళ్ళు తాగడం లేదు. నా కూతురు పురిటికి రాదు. నా కొట్టు మెట్టు ఎవరూ ఎక్కరు. ఒక్క మాట చెబితే చాలు. అనిత డాక్టరుని అడగరా, నాకు రాలేదు అంటే చాలు. మురళి ఎదురుగా బస్తా కుడుతున్నాడు. నోటి దాకా వచ్చింది. వాడు తలెత్తి చూశాడు. పురికొస ఇంకా ఇయ్యనా అన్నాను.

వాడు భోజనానికి వెళ్ళాక ఈశ్వరి వదినకి ఫోన్ చేశాను. ఇక నావల్ల కాదు వదినా, చెప్పేస్తాను అన్నాను. ఆమె పెరట్లోకి వచ్చినట్టుంది, గొంతు తగ్గించి మాట్లాడింది.

"దానికి తిండి నేదు, నిద్ర నేదు. నీ మీద కోపమొక్కటే దాన్ని నిలబెడతన్నాది వదినా. పొద్దున్న లేస్తే నిన్ను తిట్టుకుని ఆ బలంతో మొహం కడుక్కుంటాది. ఆ కోపం దాని మీదకే తిప్పీస్తే నాకు పిల్ల దక్కదు. నీ కాళ్ళట్టుకుంటాను."

నా కాళ్ళు పట్టుకోవడానికి నేనేమంత గొప్పదాన్ని వదినా అన్నాను. అన్నం తినేటప్పుడు కళ్ళనీళ్ళు కంచంలో పడ్డాయి. ఎంతసేపటికీ ఆగలేదు.

డిసెంబరు 5, శుక్రవారం

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇక్కడ తప్ప ఇంకెక్కడ ఒప్పుకుంటాను. ఇలా మోస్తున్నందుకు నాలో ఎక్కడో నాకు గొప్పగా ఉంది. ఎవరికీ తెలియకుండా మంచిదాన్నవుతున్నానని. ఛీ. పిల్ల పోయిన ఇంట్లో గొప్పేమిటి?

ఇంకొకటి. సుహాసినిని నేను పంపకపోతే వెళ్ళేది కాదు. కాబట్టి నేనన్న అవును పూర్తిగా అబద్ధం కాదు. ఈ మాట రోజుకి నాలుగుసార్లు నాకు నేను చెప్పుకుంటున్నాను. చెప్పుకున్నంతసేపూ బాగుంటుంది. మరి నేను పంపింది దాన్ని నవ్వించడానికి కదా.

ఈరోజు దగ్గలేదు. అబద్ధం. పొద్దుట్నుంచీ దగ్గుతూనే ఉన్నాను.

డిసెంబరు 13, శనివారం

అరుణ వస్తోంది!

వాళ్ళత్తగారితో పోట్లాడి ఒప్పించింది. "మా అమ్మది మిరప దగ్గు. ఆ దగ్గు కింద పెరిగినోళ్ళం నానూ, మా అన్నయ్యా. మాకేటైనాదా?" అందట. నా నోరే వచ్చింది దానికి. గురువారం మంచిది, పుష్యం ఇంకా రాదు. మురళిని పంపుతాను. వాడు సరేనన్నాడు, మొహం చూసి కాదు గానీ అన్నాడు.

ముందు గది కడిగించి సున్నం వేయించాలి. కొట్లో బస్తాలకి నేను దూరంగా కూర్చుంటాను. మూతికి గుడ్డ కట్టుకుంటాను. పిల్లకి నెల దాటేదాకా ఒళ్ళో పెట్టుకోను. పెట్టుకోకపోతే ఏం, చూస్తాను. ఆరు పంచెలున్నాయి. ఒకటి తవిటికి వెళ్ళింది.

సంతోషంగా ఉంది. ఇలా రాయడానికి సిగ్గుగా కూడా ఉంది.

డిసెంబరు 17, బుధవారం

నిన్న సాయంత్రం సుహాసిని వచ్చేసింది. మనిషి సగమైంది. మెడలో గొలుసు వేలాడుతోంది. ఇంట్లోకి వస్తూ చేట ఎక్కడుందో చూసింది. నేను దాన్ని ఎప్పుడో తవిటమ్మకి ఇచ్చేశాను.

ఇవాళ పొద్దున్న వరండాలో పంచెలు మడత పెడుతుంటే వచ్చి నా పక్కన కూర్చుంది. అంత దగ్గరగా కూర్చుని నెల దాటింది. ఒక పంచె తీసుకుని తనూ మడత పెట్టింది.

"నీ మీద కోపం పెట్టుకునే ఇన్నాళ్ళూ ఉన్నాను అత్తా. మా అమ్మ ఒకటే పోరు, ఆవిడ కావాలని సేసిందేటి అని. నిజమే. నువ్వు కావాలని దగ్గలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నావు, నేను సూసినాను." నా చెయ్యి పట్టుకుంది. "నిన్ను క్షమించీసాను అత్తా. ఇంక ఎప్పుడూ అనను."

నేను ఏడ్చాను. కొంగు అడ్డం పెట్టుకోవడం తను చూసిందట. ఆ ఒక్క మాట కోసం నెలన్నరగా ఎదురుచూస్తున్నాను. చెయ్యని దానికి క్షమ దొరికితే ఇంత సంతోషం వేస్తుందని తెలీదు. ఇంత నొప్పి వేస్తుందనీ తెలీదు. దాని తల నా భుజం మీద పెట్టుకున్నాను. చిక్కుపడ్డ జుట్టు, నూనె పెట్టి ఎన్నాళ్ళయిందో.

అలాగే ఉండి, "ఒక్క మాటియ్యి అత్తా" అంది. "అరుణని ఇక్కడికి తేకు. దానికి పుట్టబోయే పిల్ల దగ్గరకి నువ్వు ఎల్లకు. నా గతి దానికి పట్టకూడదు. అది పిల్లని ఎత్తుకుని తిరగాలి, నేను సూడాలి. ఇంకేటీ అడగను."

నిజం గొంతులోకి వచ్చింది. దగ్గు ఎలా వస్తుందో అలాగే వచ్చింది, కింద నుంచి గీరుకుంటూ. ముప్ఫై ఏళ్ళలో ఒక్క దగ్గుని ఆపుకోలేనిదాన్ని, దీన్ని ఆపుకున్నాను. సుహాసిని తల ఇంకా నా భుజం మీదే ఉంది. అంత తేలిక తల.

సరేనమ్మా అన్నాను.

ఇప్పుడే చెప్పీమంది. ఫోన్ తనే కలిపి నా చేతికిచ్చింది. అరుణ హుషారుగా ఎత్తింది. బట్టలు సర్దేసిందట, రేపు అన్నయ్య ఎన్ని గంటలకొస్తాడని అడిగింది. నువ్వు రాకమ్మా అన్నాను. పురుడు అక్కడే పోసుకో, నేను కూడా రాను, నా దగ్గు పిల్లలకి మంచిది కాదు అన్నాను.

"అదేటమ్మా? నీది మిరప దగ్గు కద్దా?"

సుహాసిని నా మొహంలోకే చూస్తోంది.

"కాదే" అన్నాను.

అరుణ, మరి మా అత్తవారి ముందు నన్నెందుకు అన్ని మాటలు అననిచ్చావు అని ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది.

సుహాసిని లేచి లోపలికి వెళ్ళింది. గ్లాసుడు వేణ్ణీళ్ళు తెచ్చి, చల్లారిపోతాయి తాగు అత్తా అంది. పిల్ల పుట్టక ముందు రోజూ అలాగే తెచ్చి ఇచ్చేది. దగ్గు రాలేదు. అయినా తాగాను.